చెయ్యి పట్టుకుని పెట్టిస్తే అది ఒప్పుకోలు కాదు తల్లీ

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికిపైగా ఒకటే గోడు. మాఘమాసం దగ్గరికొచ్చేసింది, ఇంట్లో ముహూర్తాలు పెట్టేస్తా ఉన్నారు, నాకిష్టం లేదు, ఎవరికి చెప్పుకోవాలో తెలీడం లేదు అని. అందుకే ఎప్పుడూ వచ్చే చదువు ప్రశ్నలు, అత్తాకోడళ్ళ ప్రశ్నలు వచ్చే నెలకి జరిపి ఈసారి పేజీలన్నీ దీనికే ఇచ్చేశా. పేర్లు తీసేశా, ఊళ్ళు మార్చా, గుర్తుపట్టే వివరాలు ఏమన్నా ఉంటే అవి కూడా చెరిపేశా, కాబట్టి రాసినవాళ్ళు భయపడొద్దు.

ప్రశ్న: అక్కా, మాది ఉదయగిరి దగ్గర పల్లె. డిగ్రీ ఫైనలియర్, 20 నిండి నాలుగు నెలలైంది. మా అమ్మ తమ్ముడికి, అంటే మా మామకి నన్నివ్వాలని నేను పుట్టినప్పుడే అనుకున్నారంట. మామకి 32. మంచోడే, తాగడు, చిన్నప్పుడు నన్ను భుజాన ఎక్కించుకుని తిరనాళ్ళకి తీసకపోయేవాడు, అందుకే నాకు ఆయన మొగుడి మాదిరి కనపడడం లేదక్కా. వద్దంటే అమ్మమ్మ అన్నం మానేసింది. అమ్మ పురుగుమందు డబ్బా చేతిలో పట్టుకుని నా ఎదురుగా కూర్చుంది. ఫోన్ లాక్కున్నారు, కాలేజీ మాన్పించారు, రికార్డు బుక్కు ఇయ్యడానికి వచ్చిన నా ఫ్రెండు ఫోన్లో ఇది రాస్తా ఉండా. ఆ డబ్బా చూసి భయపడి తలకాయ ఊపేశా. ఊపినాక తాంబూలాలు మార్చుకున్నారు. ఇప్పుడు నేను ఒప్పుకున్నట్టేనా?

జవాబు: ఒప్పుకున్నట్టు కాదు తల్లీ. ముందు ఆ మాట మనసులో గట్టిగా పెట్టుకో, మిగతాది తర్వాత మాట్లాడుకుందాం.

నీకొకటి చెప్తా. నెల్లూర్లో మేం అద్దెకున్నప్పుడు పక్క పోర్షన్లో ఒకమ్మాయి ఉండేది, నాకంటే రెండేళ్ళు చిన్న. ఆ పిల్ల పెళ్ళికి నేనే జడ వేశా. జీలకర్ర బెల్లం పెట్టే టైముకి మధ్యలో తెర పట్టుకున్నారు, పిల్లోడు పెట్టేశాడు, ఈ పిల్ల చెయ్యి మాత్రం ఒళ్ళోనే ఉంది, తమలపాకు మీద ముద్ద అట్టనే ఉంది, ఎత్తడం లేదు. పంతులుగారు పెట్టమ్మా పెట్టమ్మా అంటా ఉన్నారు. వాళ్ళ పెద్దమ్మ వెనకనుంచి వచ్చి మణికట్టు పట్టుకుని చెయ్యెత్తి పిల్లోడి నెత్తిన పెట్టించింది, మేళం గట్టిగా మోగింది, సిగ్గుపడతా ఉందబ్బా అని అందరూ నవ్వారు, నేనూ నవ్వా. ఆర్నెల్ల తర్వాత వాళ్ళింట్లో ఆ పెళ్ళి వీడియో చూస్తా ఉంటే అప్పుడు కనపడింది నాకు, పెద్దమ్మ వదలగానే ఆ పిల్ల చెయ్యి కిందకి జారిపోయింది, అందులో ప్రాణం లేనట్టు. ముహూర్తం రోజు పక్కనే కూర్చుని జడగంటలు సర్దతా ఉన్న దాన్ని, నాకు కనపడలేదు. ఆ చెయ్యి ఇప్పటికీ నాకు కళ్ళముందు ఆడతానే ఉంటుంది, నీ ఉత్తరంలో తలకాయ ఊపేశా అన్న మాట చదివినప్పుడు మళ్ళీ అదే గుర్తొచ్చింది.

పెద్దలు చూసిన సంబంధాలన్నీ బలవంతపు పెళ్ళిళ్ళు కావు, మనలో చాలామందివి అట్టా జరిగినవే, నాదీ అట్టా జరిగిందే. తేడా యాడ ఉందో తెలియాలంటే ఒక్క ప్రశ్న వేసుకో, నేను వద్దంటే ఏమవుతుంది? వద్దంటే అమ్మానాన్న నాల్రోజులు మూతి ముడుచుకుని ఐదోరోజు ఇంకో సంబంధం చూస్తే అది కుదిర్చిన పెళ్ళి. వద్దంటే ఫోన్ పోయి, కాలేజీ పోయి, అమ్మమ్మ పస్తుండి, అమ్మ పురుగుమందు పట్టుకుంటే మాత్రం నీకు వద్దనే దారే లేకుండా చేశారు, ఆ దారి మూసేశాక నువ్వు ఊపిన తలకాయకి విలువేముంది. కొట్టాల్సిన పన్లేదు, కట్టెయ్యాల్సిన పన్లేదు, చస్తామని బెదిరించినా అది బలవంతమే. ఇది నేను కనిపెట్టిన మాట కాదు. 1948లో ఐక్యరాజ్యసమితి ప్రకటించిన మానవ హక్కుల్లో 16వదాంట్లోనే ఉంది, చేసుకోబోయే ఇద్దరూ స్వేచ్ఛగా, పూర్తిగా ఒప్పుకుంటేనే పెళ్ళి అని. మన 2005 గృహహింస చట్టం చూడు, అందరూ అది మొగుడు కొడితేనే పనికొస్తుందనుకుంటారు, పుట్టింట్లో ఉన్న ఆడపిల్లకి కూడా వర్తిస్తుంది. ఆ చట్టం కింద ఫిర్యాదు రాసుకునే ఫారంలో, మాటలతో మనసుని హింసపెట్టడం అనే దాని కింద, ఇష్టం లేకపోయినా పెళ్ళి చేసుకోమనడం, వాళ్ళు చెప్పినవాడినే చేసుకోమనడం, నచ్చినవాడిని చేసుకోనివ్వకపోవడం అని మూడూ విడివిడిగా రాసి ఉన్నాయి. అంటే నీ బాధ నీ ఒక్కదానిదే కాదు, సర్కారు ఫారంలోకి ఎక్కేంత మందిది.

మేనరికం గురించి వాదన పెట్టుకోవద్దు. మనవైపు ఆచారం ఉంది కాబట్టి మేనమామ పెళ్ళిని చట్టం కొట్టెయ్యదు, చుట్టరికం మంచిదా చెడ్డదా అని నువ్వు మాట్లాడితే పదిమంది పెద్దోళ్ళు పది ఉదాహరణలు చెప్తారు. నాకిష్టం లేదు అనే దగ్గరే ఆగు. ఉయ్యాల్లో ఉన్నప్పుడు వాళ్ళిచ్చుకున్న మాట వాళ్ళది, నీది కాదు. మామ మంచోడన్నావు, ఆయనమీద కూడా ఇంతే ఒత్తిడి ఉండి ఉండొచ్చు, ఆయనకే చెప్తే పోతుంది కదా అని నీకు అనిపిస్తా ఉంటుంది. నేను కాదనను గానీ ముందు నీకు బయట ఒక చోటు ఖాయం చేసుకున్నాకే ఆయనకి చెప్పు. ఎందుకంటే ఆయన తిరిగి వాళ్ళక్కకే చెప్తాడు, మీ అమ్మే కదా వాళ్ళక్క.

ఆ పురుగుమందు డబ్బా. దాన్ని తేలిగ్గా తీసుకోవద్దు, అట్టాగని నీ మెడకి కట్టుకోవద్దు. డబ్బా ఇంట్లోంచి తీసేయమని నాన్నకో, తమ్ముడికో చెప్పు. టెలీమానస్ అని మనసు బాగాలేనివాళ్ళకి సాయం చేసే సర్కారు హెల్ప్‌లైన్, 14416 నంబరు ఉంది, తెలుగులోనే మాట్లాడతారు, డబ్బులు తీసుకోరు, అమ్మ గురించి అడగొచ్చు, నీ మనసు బాగాలేకపోతే నీ గురించీ అడగొచ్చు. అమ్మకి సాయం కావాలి, నిజమే, కానీ నీ పెళ్ళి ఆ సాయం కాదు.

ఇప్పుడు చెయ్యాల్సింది. ఇంట్లో ఇంక వాదించొద్దు, పోలీసులకి చెప్తా, వెళ్ళిపోతా అని కోపంలో కూడా నోరు జారొద్దు, జారితే ఆ రాత్రికే నిన్ను ఏ చుట్టాలింటికో మార్చేస్తారు, లేదంటే ముహూర్తం ముందుకి జరిపేస్తారు. టెన్త్ మార్కుల మెమో (నీ పుట్టిన తేదీకి అదే సాక్ష్యం), ఆధార్, బ్యాంకు పుస్తకం ఫొటోలు తీయించి ఫ్రెండు ఫోన్లో పెట్టించు, వీలైతే అసలువి కూడా ఆ అమ్మాయి దగ్గరికి చేర్చు. ఫ్రెండు ఫోన్ నుంచే 181కి చెయ్యి, మహిళల హెల్ప్‌లైన్, రాత్రీ పగలూ పనిచేస్తుంది, చేశాక కాల్ లిస్టులో నంబరు తీసేయమను. వాళ్ళు నిన్ను సఖి సెంటరుకి కలుపుతారు. నెల్లూర్లో ఉంది, ఒంగోల్లో ఉంది, 2015 నుంచి దేశమంతా జిల్లాకొకటి పెడతా వచ్చారు. కౌన్సెలింగు, పోలీసు సాయం, డాక్టరు, లాయరు అన్నీ అక్కడినుంచే చూస్తారు, పైసా అడగరు, ఐదు రోజుల దాకా అక్కడే ఉండొచ్చు, ఆ తర్వాత కూడా ఇంటికి పోలేని పరిస్థితి అయితే ఆడవాళ్ళ వసతి గృహానికి పంపిస్తారు. ప్రాణం మీదకి వస్తే 112, పోలీసుల అత్యవసర నంబరు. స్మార్ట్‌ఫోన్ దొరికితే ఆడవాళ్ళ భద్రత కోసం పెట్టిన శక్తి యాప్ కూడా ఉంది, 2025 మార్చి 8న మార్కాపురంలో మొదలుపెట్టారు చూడు, అదే.

నువ్వు బయటికి వచ్చేస్తే మీ వాళ్ళు స్టేషన్లో గర్ల్ మిస్సింగ్ కేసు పెడతారు, నూటికి తొంభై సార్లు జరిగేదిదే, భయపడొద్దు. బయల్దేరే ముందే ఒక కాగితం రాసిపెట్టు, నేను మేజర్ని, నా ఇష్టం మీదే వచ్చా, నన్నెవరూ ఎత్తుకుపోలేదు, ఫలానావాళ్ళు ఇష్టంలేని పెళ్ళి చేస్తున్నారు అని, తేదీ వేసి సంతకం పెట్టి ఒక కాపీ ఎస్పీ ఆఫీసుకి, ఒకటి సఖి సెంటరుకి. పోలీసులు పిలిస్తే పో, మేజిస్ట్రేటు ముందు నిలబెడితే అదే మాట చెప్పు, 18 దాటిన మనిషిని ఇష్టం లేని ఇంటికి పంపించే అధికారం ఎవరికీ లేదు. 2006లో లతాసింగ్ కేసులో, 2018లో శక్తివాహిని కేసులో సుప్రీంకోర్టు గట్టిగా చెప్పింది, మేజర్లు తమకి నచ్చినవాళ్ళని చేసుకోవచ్చు, కులపెద్దలకీ ఇంటివాళ్ళకీ అడ్డంపడే హక్కు లేదని. ఎంచుకునే హక్కు ఉన్నప్పుడు వద్దనే హక్కు అందులో ఉన్నట్టే కదా.

నీకు ఫోన్ ఇచ్చిన ఆ ఫ్రెండుకి ఒక మాట. అమ్మాయ్, నువ్వు వాళ్ళింటికి పోయి ఆంటీ ప్లీజ్ అని బతిమాలొద్దు, మీ నాన్ననో ఊరి పెద్దమనుషులనో పంపించి పంచాయితీ పెట్టించొద్దు. మంచి మనసుతోనే చేస్తారు, కానీ ఇన్నేళ్ళ ఉత్తరాల్లో నేను చూసినదాన్నిబట్టి చెప్తా ఉన్నా, రాజీ చేద్దామని పోయినచోటే ఆడపిల్లల దారి మూసుకుపోయింది, ఎందుకంటే పంచాయితీలో పిల్ల ఏం అనుకుంటా ఉందో ఇంటిల్లిపాదికీ తెలిసిపోతుంది, పిల్ల మాత్రం మళ్ళీ ఆ ఇంట్లోకే పోవాలి. మీ ఇద్దరూ ఒక గుర్తు పెట్టుకోండి, రికార్డు బుక్కు అడిగితే అంతా మామూలే, నోట్స్ అడిగితే ప్రమాదం, అట్టా ఏదో ఒకటి. ఉన్నట్టుండి మనిషి కనపడకపోతే 112కి చెయ్యి, అది పనిచెయ్యకపోతే హైకోర్టులో హెబియస్ కార్పస్ వెయ్యొచ్చు, బంధించిన మనిషిని కోర్టుకి తీసుకురమ్మని అడగడం, చుట్టమే వెయ్యాలని లేదు, స్నేహితులు కూడా వెయ్యొచ్చు. లాయరుకి డబ్బుల్లేకపోతే 15100, ఉచిత న్యాయసహాయం నంబరు.

ప్రశ్న: నేను కనిగిరి పక్క హైస్కూల్లో టీచర్ని. నా తొమ్మిదో తరగతి పిల్ల ఒకటి వారంగా రావడం లేదు. వాళ్ళక్క పెళ్ళి కుదిరింది, అదే పందిట్లో ఈ పిల్లకి కూడా చేసేస్తారంట, ఖర్చు కలిసొస్తుందని. అమ్మానాన్న బేల్దారి పనికి హైదరాబాదు పోతారు, పిల్లని ముసలామె దగ్గర వదిలిపోవాలంటే భయమంట. నేను చెప్పానని తెలిస్తే ఊళ్ళో ఉండనియ్యరు. ఏం చెయ్యను?

జవాబు: మాస్టారూ, వారం ఆగారు, ఇంక ఒక్క రోజు కూడా ఆగొద్దు. పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఈరోజే ఫోన్ చెయ్యండి, మీ పేరు బయటపెట్టొద్దని చెప్పండి, పెట్టరు. పిల్ల పేరు, ఊరు, పెళ్ళి తేదీ, స్కూలు అడ్మిషన్ రిజిస్టర్లో ఉన్న పుట్టిన తేదీ చెప్తే చాలు. అంగన్‌వాడీలని చూసే ఐసీడీఎస్ ఆఫీసరు సీడీపీఓకో తహసీల్దారుకో కూడా చెప్పొచ్చు.

బాల్యవివాహాల నిషేధ చట్టం 2006ది, పెళ్ళి వయసు ఆడపిల్లకి 18, మగపిల్లోడికి 21. ఈ పెళ్ళి చేసినవాళ్ళకి, చేయించినవాళ్ళకి, మేజరైన పెళ్ళికొడుక్కి రెండేళ్ళ దాకా కఠిన జైలు, లక్ష దాకా జరిమానా, పురోహితుడైనా అంతే. అమ్మని జైల్లో పెడతారేమో అని పిల్లలు నోరు విప్పరు, ఆ భయం తీర్చండి, పెళ్ళిని ప్రోత్సహించారనో ఆపలేదనో ఈ చట్టం కింద ఆడవాళ్ళకి జైలు శిక్ష వెయ్యరు. టైముంటే మేజిస్ట్రేటు దగ్గర పెళ్ళి ఆపమని ఇంజంక్షన్ తెప్పించొచ్చు, అది వచ్చాక కూడా తాళి కడితే ఆ పెళ్ళి చెల్లనే చెల్లదు. ఒకవేళ ఇంజంక్షన్ లేకుండా జరిగిపోయినా, పెళ్ళి రద్దు చెయ్యమని ఆ పిల్ల తనకి 20 నిండేదాకా కోర్టుని అడగొచ్చు, 18 నిండాక ఇంకో రెండేళ్ళు గడువిచ్చారన్నమాట.

ఇక్కడ నేను ఎక్కువ చెప్పాలనుకున్నది పెళ్ళి ఆగాక సంగతి. ఆఫీసర్లు వస్తారు, ఈ పెళ్ళి చెయ్యబోమని తల్లిదండ్రుల చేత సంతకం పెట్టించుకుంటారు, పేపర్లో పడుతుంది, అందరూ ఇళ్ళకి పోతారు, పది రోజులాగి ఏ కొండమీద గుళ్ళోనో తెల్లారుజామున తాళి కట్టించేస్తారు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 20 నుంచి 24 ఏళ్ళ ఆడవాళ్ళలో 18 లోపే పెళ్ళయినవాళ్ళు దేశం మొత్తంమీద 23.3 శాతం ఉంటే మన ఆంధ్రలో 29.3, అంటే ఆపినవాటికంటే జరిగిపోతా ఉన్నవి ఎన్ని ఉన్నాయో ఆలోచించండి. కాబట్టి ఆ అమ్మానాన్నల భయానికి మీరే ఒక దారి చూపించండి. వాళ్ళు చెడ్డోళ్ళు కాదు, ఎదిగిన పిల్లని వదిలేసి వలస పోవాలి, ముసలామెకి కళ్ళు కనపడవు, ఎవడన్నా ఏమన్నా చేస్తే అని వణుకు. కస్తూర్బా స్కూల్లో సీటు ఇప్పించండి, ఆరు నుంచి ఇంటర్ దాకా హాస్టలుతో సహా అంతా ఉచితం, పిల్లని చైల్డ్ వెల్ఫేర్ కమిటీ ముందు పెడితే వాళ్ళే పంపించగలరు. పందిరి ఖర్చు కంటే అది చవకని ఆ తండ్రికి మీరు చెప్తే వింటాడు. పోయేముందు ఆ పిల్లతో ఒంటరిగా, బడిలోనే మాట్లాడండి, వాళ్ళింట్లో కాదు.

ప్రశ్న: నేను అబ్బాయిని, ఈ పేజీకి రాయొచ్చో లేదో. బెంగుళూరులో జాబ్, 27. నాకిప్పుడు పెళ్ళే వద్దు, కారణం చెప్పలేను. నాన్న నాకు చెప్పకుండా దామరమడుగులో సంబంధం ఖాయం చేసి 10 లక్షలు అడ్వాన్సు కూడా తీసుకున్నాడు. వద్దంటే నా శవం మీద తలకొరివి పెట్టడానికి రా అంటాడు. అమ్మ ఫోన్ చేసి ఏడుపే.

జవాబు: రాయొచ్చు తమ్ముడూ, మగవాళ్ళకి కూడా బలవంతపు పెళ్ళిళ్ళు జరుగుతాయి, కాకపోతే మగాడికేం బలవంతం అని నవ్వుతారని బయటికి చెప్పుకోరు. కారణం నాకు చెప్పాల్సిన పన్లేదు, మీ నాన్నకి కూడా చెప్పాల్సిన పన్లేదు, ఇష్టం లేదు అన్నది చాలు. గృహహింస చట్టం నీకు వర్తించదు గానీ బలవంతంగా జరిగిన పెళ్ళిని రద్దు చెయ్యమని అడిగే హక్కు హిందూ వివాహ చట్టంలో మొగుడికీ పెళ్ళానికీ సమానమే. మనసు మరీ కుంగిపోతే పైన చెప్పిన 14416 నీక్కూడా.

కానీ నీ చేతిలో జీతం ఉంది, ఫోనుంది, ఉండడానికి వేరే ఊళ్ళో గది ఉంది. పైన రాసిన ఆ పిల్లకి ఇవేమీ లేవు. దామరమడుగులో ఒకమ్మాయి నీ పేరు మీద పట్టుచీర కొనుక్కుంటా ఉంది, ఆమెకి నీ సంగతి తెలీదు. శుభలేఖలు అచ్చుకాకముందే ఆ ఇంటికి నువ్వే ఫోన్ చేసి మర్యాదగా చెప్పు, తప్పు నాది, అమ్మాయిది కాదు అని వాళ్ళ నాన్నతో స్పష్టంగా అను, ఆ మాట రేపు ఆమెకి ఊళ్ళో పనికొస్తుంది. ఆ 10 లక్షలు తిరిగి ఇప్పించెయ్యి, కట్నం తీసుకోవడం 1961 నుంచీ నేరం. చెప్పేదాకా పండగకనో తద్దినానికనో పిలిచినా ఒంటరిగా ఊరికి పోవద్దు.

ప్రశ్న: పెళ్ళయి నాలుగు నెలలు అక్కా, 22 ఏళ్ళు. వేరే కులం అబ్బాయిని ఇష్టపడ్డానని తెలిసి గదిలో పెట్టి తాళం వేసి ఎనిమిది రోజుల్లో కావలి సంబంధం చేసేశారు. మెళ్ళో పడ్డాక ఇంకేముంది సర్దుకో అంటారు. ఆయన మంచీ చెడూ నాకు తెలీదు, పక్కన కూర్చుంటేనే ఒళ్ళు జలదరిస్తుంది. నేను నోరు మూసుకుని కూర్చున్నా కదా, ఇప్పుడెవరు నమ్ముతారు?

జవాబు: మెళ్ళో పడ్డాక ఏమీ లేదు అన్నది అబద్ధం తల్లీ, చాలా ఉంది, కాకపోతే నీకు గడియారం తిరగతా ఉంది, అందుకే ఇది జాగ్రత్తగా చదువు. 1955 హిందూ వివాహ చట్టం 12వ సెక్షన్లో బలవంతంతోనో మోసంతోనో ఒప్పించిన పెళ్ళిని కోర్టు రద్దు చెయ్యొచ్చని ఉంది. బలవంతం ఆగిపోయిన రోజు నుంచి ఏడాది లోపల పిటిషన్ వెయ్యాలి. బలవంతం పోయాక నువ్వు మనస్ఫూర్తిగా ఆయనతో కాపురం చేశావని అవతలివాళ్ళు నిరూపిస్తే కేసు నిలవదు, భయంతో ఉండిపోవడం వేరు, మనస్ఫూర్తిగా ఉండడం వేరు, ఆ తేడా లాయరు కోర్టుకి చెప్పాలి, ఆలస్యం అయ్యేకొద్దీ చెప్పడం కష్టమవుతుంది. విడాకులకైతే మామూలుగా పెళ్ళయిన ఏడాదికి గానీ పోలేవు, రద్దుకి ఆ ఏడాది ఆగే పన్లేదు. కోర్టు రద్దు చేసేదాకా మాత్రం పెళ్ళి ఉన్నట్టే లెక్క, ఆ అబ్బాయితో తొందరపడి ఇంకో తాళి కట్టించుకుంటే అది నీమీదకే కేసు అవుతుంది.

నోరు మూసుకున్నా ఎవరు నమ్ముతారు అన్నావు. ఆ ఎనిమిది రోజుల్లో ఎవరికన్నా మెసేజి పెట్టావా, ఏ ఫ్రెండుకన్నా ఏడ్చి చెప్పావా, తలుపు బయట గడియ ఎవరు చూశారు, పాలబ్బాయా, పక్కింటావిడా? పెళ్ళి వీడియో ఒకసారి మొత్తం చూడు, ఆ వీడియోలో నీ మొహం, నీ చెయ్యి చెప్పేది కూడా సాక్ష్యమే, నేను పైన రాసింది అందుకే. అన్నీ గుర్తున్నంతవరకు తేదీలతో ఒక నోట్‌బుక్కులో రాసిపెట్టు. గదిలో పెట్టి తాళం వెయ్యడం భారతీయ న్యాయ సంహిత 127 కింద నేరం, బలవంతంగా పెళ్ళి చెయ్యడానికి ఎత్తుకుపోతే 87 కింద పదేళ్ళ దాకా శిక్ష ఉంది. మీ వాళ్ళమీద కేసు పెట్టాలా వద్దా అన్నది నీ ఇష్టం, పెట్టకపోయినా రద్దు పిటిషన్ వెయ్యొచ్చు. నెల్లూరు జిల్లా కోర్టు ఆవరణలోనే జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉంది, ఆడవాళ్ళకి ఆదాయంతో పని లేకుండా లాయర్ని ఉచితంగా ఇస్తారు, 1987 చట్టంలోనే ఉంది ఆ మాట.

ఇంకోటి, నువ్వు రాయలేదు గానీ నాకు అర్థమైంది. నీకిష్టం లేకుండా ఒంటిమీద చెయ్యి వేస్తే గృహహింస చట్టం దాన్ని లైంగిక హింస కిందే చూస్తుంది, రక్షణ ఉత్తర్వు తెచ్చుకోవచ్చు. 18 దాటిన భార్య విషయంలో మొగుడి బలవంతాన్ని అత్యాచారం అనకుండా మన శిక్షాస్మృతి ఇప్పటికీ మినహాయింపు ఇస్తానే ఉంది, నాకు ఆ మినహాయింపు ఎన్నేళ్ళైనా మింగుడుపడదు. 181కి చెయ్యి, ఈ వారంలోనే చెయ్యి.

ప్రశ్న: మా అన్నయ్యవాళ్ళు లండన్లో స్థిరపడ్డారు. అన్న కూతురికి 17, అక్కడే పుట్టింది. సంక్రాంతికి తీసుకొచ్చి ఇక్కడ వదిన తరఫు పిల్లోడికి చేసేస్తారని నాకు అనుమానం. పిల్ల నాతోనే మాట్లాడుతుంది.

జవాబు: మేనత్తవి, పిల్ల నీతో మాట్లాడతా ఉంది, అదే పెద్ద ఆస్తి. విమానం ఎక్కకముందే ఆపడం సులువు, ఎక్కాక చాలా కష్టం. బ్రిటన్లో బలవంతపు పెళ్ళి 2014 నుంచి నేరం, ఏడేళ్ళ దాకా జైలు, పిల్లని వేరే దేశం తీసుకుపోయి చేసినా సరే. 2023 ఫిబ్రవరి నుంచి ఇంగ్లండులో 18 లోపు పిల్లలకి పెళ్ళి ఏర్పాటు చెయ్యడమే నేరం, బలవంతం ఉందా లేదా అని కూడా చూడరు. అక్కడ ప్రభుత్వానిదే ఫోర్స్‌డ్ మ్యారేజ్ యూనిట్ అని ఉంది, +44 20 7008 0151. పిల్ల చెయ్యొచ్చు, స్కూలు టీచరు చెయ్యొచ్చు, ఇక్కడినుంచి నువ్వూ చెయ్యొచ్చు, కోర్టు నుంచి రక్షణ ఉత్తర్వు తెప్పించి పాస్‌పోర్టు కూడా తీసిపెట్టించగలరు. ఎయిర్‌పోర్టు దాకా వచ్చేస్తే ఒక చిట్కా, అక్కడ ఆడపిల్లలకి సాయం చేసేవాళ్ళు చెప్పేదే, లోదుస్తుల్లో ఒక స్టీలు చెంచా పెట్టుకుంటే మెషీన్ మోగుతుంది, తనిఖీకి పక్కకి ఒంటరిగా తీసుకుపోతారు, అక్కడ అమ్మానాన్న ఉండరు, అప్పుడు చెప్పెయ్యాలి. నెల్లూరు వచ్చేశాక అయితే 1098, పిల్లకి బ్రిటిష్ పాస్‌పోర్టు ఉంటే హైదరాబాదులో బ్రిటిష్ డిప్యూటీ హైకమిషన్. పాస్‌పోర్టు మొదటి పేజీ ఫొటో ఇప్పుడే నీ ఫోన్లోకి తెప్పించుకో.

ప్రశ్న: నాకు 15 ఏళ్ళకే చేశారమ్మా, ఏడుస్తా పీటలమీద కూర్చున్నా. ఇప్పుడు నా కూతురికి 19, నర్సింగ్ చదవతా ఉండాది, మా ఆయనా మా బావగారూ కలిసి వచ్చే నెలకి పెట్టేశారు. పిల్ల నాతో మాట్లాడ్డం మానేసింది. ఆయన మాటకి ఎదురుచెప్తే దెబ్బలే. నేనేం చెయ్యగలను చెప్పమ్మా?

జవాబు: వదినా, ఈ ఉత్తరం రాయడమే మీరు చేసిన మొదటి పని. పిల్ల ఎందుకు మాట్లాడ్డం లేదంటే మీరు కూడా అటువైపే అనుకుంటా ఉంది. పక్కన పడుకున్నప్పుడు చెవిలో ఒక్క మాట చెప్పండి, నీకిష్టం లేకపోతే నేను నీ పక్కనే అని, నన్ను కూడా ఇట్టనే చేశారు అని. మా ఉత్తరాల్లో ఎంతమంది ఆడపిల్లలు రాశారో, అమ్మ ఆ ఒక్క మాట అని ఉంటే చాలు అని.

బీరువా తాళం మీ దగ్గరే కదా ఉండేది, పిల్ల సర్టిఫికెట్లు, ఆధార్, నర్సింగ్ కాలేజీ ఐడీ కార్డు ఒక కవర్లో వేసి పిల్లకి అందేచోట పెట్టండి, బియ్యం డబ్బాలోనైనా సరే, బస్సు ఖర్చులకి కొంచెం డబ్బు కూడా. ఫోన్ తీసేసుకుంటే మీ చిన్న ఫోనే రహస్యంగా ఇవ్వండి. మీ ఆయన మీద మీరు కొట్లాడాల్సిన పన్లేదు, ఎదురు నిలబడి దెబ్బలు తినొద్దు, గృహహింస చట్టం మీకూ ఉంది, సఖి సెంటరుకి తల్లీకూతుళ్ళు ఇద్దరూ కలిసి పోవచ్చు. పొద్దున ఆయన పొలానికి పోయి ఎన్నింటికి తిరిగొస్తాడో మీకు తెలుసు కదా, ఆ మధ్యలో 181కి చెయ్యండి, మాటలు రాకపోతే ఏడవండి, వాళ్ళు ఫోన్ పెట్టెయ్యరు.